తీసుకువెళ్లు జ్ఞాపకములు: లేవు

పొట్నూరు గవర్రాజు తలలో ఏముందో వంశగిరి విశ్వవిద్యాలయం వారికి ముప్పై మూడేళ్లపాటు తెలియలేదు. తెలిసిన రోజునే దానికి తాళం వేశారు.

గవర్రాజు పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు. విశ్వవిద్యాలయంలోకి కంప్యూటర్లు రాకముందు నాటి మార్కుల రిజిస్టర్లన్నీ ఆయన అధీనంలో ఉండేవి. మొత్తం నాలుగు వందల పదహారు. ఒక్కోదాన్ని అలమర మీంచి దింపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఎవరి మార్కులు ఏ రిజిస్టర్‌లో ఏ పేజీలో ఉన్నాయో చెప్పే సూచిక పుస్తకం ఒకటుండేది గానీ, తుఫాను వచ్చిన ఏడాది గోడౌను రేకులు లేచిపోయి అది నాని ముద్దయిపోయింది. కొత్తది రాసుకోవడానికి అనుమతి కోరుతూ గవర్రాజు ఏడు ఉత్తరాలు పెట్టాడు. పరిశీలనలో ఉన్నదంటూ ఏడు జవాబులు వచ్చాయి. ఈలోగా విద్యార్థులు రావడం మానరు కదా. వచ్చినవాళ్ల కోసం తీస్తూ, పెడుతూ, మళ్లీ తీస్తూ ఆ పేజీలన్నీ ఆయనకు నోటికి వచ్చేశాయి. హాల్‌టికెట్ నంబరు చెబితే చాలు, పక్కింటాయన పేరు చెప్పినంత తేలిగ్గా రిజిస్టరూ పేజీ చెప్పేవాడు.

ఇలా ఉండగా భూగర్భ శాస్త్రం చెప్పే ఆచార్య విరూపాక్షం గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. దత్తాంశ నిర్వహణ, అంటే డేటాను చూసుకోవడం, అని దాని పేరు. వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లిన మనిషి వచ్చేటప్పుడు ఒక సంచీ, ఒక నీళ్ల సీసా, నూట పద్నాలుగు పేజీల విధాన పత్రం తెచ్చారు. వైస్ చాన్సలర్ గారు ఆ పత్రం బరువు చూసి ముచ్చటపడి, దత్తాంశ పరిరక్షణ విభాగం అని ఒకటి స్థాపించి ఆయన్ని డైరెక్టరుని చేశారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, విశ్వవిద్యాలయమందలి సమస్త దత్తాంశము ఎచ్చట ఉన్నదో కనుగొని, దానిని అచ్చట ఉండకుండా చేయవలెను" అని మొదటి ఉత్తర్వు వెలువడింది. టైపులో ఏదో పొరపాటు జరిగిందని కొందరన్నారు, కానీ పని మాత్రం ఆ ఉత్తర్వు ప్రకారమే మొదలైంది.

జులై ఒకటో తారీఖున విరూపాక్షం గారు ఇద్దరు సభ్యుల్నీ, ఒక కొలత టేపునీ వెంటబెట్టుకుని పరీక్షల విభాగానికి వచ్చారు.

"ఈ రిజిస్టర్లకు సూచిక ఏది?" అన్నారు.

"లేదండి. తుఫానులో పోయింది," అన్నాడు గవర్రాజు.

"మరి వెతకడం ఎలా?"

"నన్నడుగుతారండి."

విరూపాక్షం గారు బల్లమీదున్న ఓ పాత మార్కుల మెమో తీసి అందులోని నంబరు చదివారు. గవర్రాజు కళ్లద్దాలు తుడుచుకుంటూనే చెప్పాడు. "నూట ముప్పై తొమ్మిదో రిజిస్టరు, నూట రెండో పేజీ అండి. ఆ అబ్బాయి లెక్కల్లో తప్పి సెప్టెంబర్లో పాసయ్యాడు. ఆ ముక్క నూట నలభై ఒకటిలో ఉంటాది."

రిజిస్టర్లు తెప్పించి చూశారు. చెప్పింది చెప్పినట్టే ఉంది. శభాష్ అంటారేమోనని గవర్రాజు కాస్త సిగ్గుపడుతూ నిలబడ్డాడు. విరూపాక్షం గారి ముఖం పాలిపోయింది.

"ఇలాంటివి మీ వద్ద ఎన్ని ఉన్నాయి?"

"లక్షా ఎనభై వేలు దాటుంటాయండి."

"సాయంత్రం ఐదింటికి మీరు ఏం చేస్తారు?"

"ఇంటికెళ్తానండి."

"దేని మీద?"

"సైకిలు మీదండి."

విరూపాక్షం గారు సభ్యుల వైపు తిరిగారు. "గమనించండి. లక్షా ఎనభై వేలమంది వ్యక్తిగత దత్తాంశము ప్రతి సాయంత్రమూ సైకిలుపై ప్రాంగణము దాటి పోవుచున్నది. హెల్మెట్ సైతము లేదు." మళ్లీ గవర్రాజు వైపు తిరిగి, "మీకు నిద్రలో మాట్లాడే అలవాటు ఉందా?" అన్నారు.

"నిద్దర్లో ఉంటాను కదండీ, నాకేటి తెలుస్తాది? మా ఇంటిదాన్నడగాలి."

"రాసుకోండి. లీకేజీకి అవకాశము కలదు. సాక్షి భార్య."

అప్పటికి గవర్రాజుకు విషయం కొద్దిగా అర్థమైంది. చేతులు కట్టుకుని, "అయ్యా, ఈ నెలాఖర్న నేను రిటైరైపోతన్నాను. రెండు లాంగు నోట్‌బుక్కులు, పది రోజులు టైమూ ఇప్పించండి. మొత్తం రాసిచ్చేస్తాను. తరవాత నేనున్నా లేకపోయినా పని నడుస్తాది," అన్నాడు. ఎనిమిదో ఉత్తరం పెట్టే బదులు నోటితో చెప్పడమే మేలనిపించింది ఆయనకు.

"నకలు తీయడమా?" అని ఉలిక్కిపడ్డారు విరూపాక్షం గారు. "మీరు ఇప్పుడు నిషిద్ధ శ్రేణి దత్తాంశము. మీకు మీరే నకలు తీసుకోరాదు."

విధాన పత్రం ప్రకారం దత్తాంశాన్ని సర్వర్ గదిలోనే ఉంచాలి. ఆ గది నాలుగేళ్ల కిందటే కట్టారు. ఏసీ పెట్టారు, అద్దాల తలుపు పెట్టారు, మంటలార్పే ఎర్ర సిలిండరు పెట్టారు. సర్వర్ ఒక్కటే రాలేదు, దాని టెండరు కోర్టులో ఉంది. నాలుగేళ్లుగా పద్దెనిమిది డిగ్రీల చల్లదనంలో ఖాళీగా ఎదురుచూస్తున్న ఆ గదిలో గవర్రాజుకు ఓ కుర్చీ వేశారు. చెప్పులు బయట విప్పాలి. లోపల తినకూడదు, తాగకూడదు, అనుమతి లేని ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. అనుమతి ఉన్న ప్రశ్న ఇంతవరకు తయారు కాలేదు కనుక ఆయన ఊరికే కూర్చునేవాడు. జులై ఎండకు బయట జనం గొడుగులు వేసుకుని తిరుగుతుంటే, లోపల ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని తుమ్ముతూ ఉండేవాడు.

గదిలోకి వచ్చిన ప్రతి వస్తువునూ స్టాకు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆ బాధ్యత స్టోర్స్ సూపరింటెండెంటు మృత్యుంజయ పట్నాయక్ గారిది. మంచి మనిషి, గవర్రాజుతో పాతికేళ్ల స్నేహం. అయినా స్టాకు రిజిస్టరు దగ్గర స్నేహం పక్కన పెట్టేస్తాడని ఆయనకు పేరు. ఓ చేత్తో తెల్ల రంగు డబ్బా, మరో చేత్తో సన్న కుంచె పట్టుకుని వచ్చాడు.

"నంబరు వస్తువు మీదే రాయాలని రూలు గవర్రాజు గారూ. కుర్చీ మీద రాస్తే కుర్చీది అవుతుంది," అన్నాడు బాధగా.

"నుదుటి మీద రాస్తారేటండి?"

పట్నాయక్ కాసేపు ఆలోచించాడు. ఆలోచించి కాగితం మీద రాసి చొక్కా జేబుకు పిన్నుతో గుచ్చాడు. వంశగిరి, పరీక్షలు, సర్వర్, ఒకటి. స్టాకు రిజిస్టర్‌లో మాత్రం వివరంగా రాశాడు. వస్తువు: సర్వర్, మానవ నమూనా. సంఖ్య: ఒకటి. స్థితి: వాడినది. తయారీదారు అన్న గడి దగ్గర ఆగి, "మీ నాన్నగారి పేరు పోలినాయుడు కదూ?" అని అడిగి, అదే రాసుకున్నాడు.

సాయంత్రాల సంగతి మిగిలింది. రాత్రిళ్లు కూడా ఆ గదిలోనే ఉంచాలని విధాన పత్రం అంటోంది, కుదరదని ఉద్యోగుల సంఘం అంది. చర్చలు జరిగాయి. గవర్రాజు ఇంటికి వెళ్లవచ్చు, జ్ఞాపకాలు మాత్రం ప్రాంగణం దాటరాదు అని రాజీ కుదిరింది. గేటు దగ్గర కొత్త రిజిస్టరు పెట్టారు. అందులో తేదీ, వేళ, పేరు, ఆ తర్వాత 'తీసుకువెళ్లు జ్ఞాపకములు' అని ఒక గడి. రోజూ సాయంత్రం గవర్రాజు అందులో 'లేవు' అని రాసి సంతకం పెట్టాలి. తనిఖీ చేసి ముద్ర వేయడం గేటు కాపలాదారు కూర్మారావు పని.

"బాబూ, కేరేజీలో ఏటున్నాదో సూడమంటే సూత్తాను," అన్నాడు కూర్మారావు మొదటి రోజు, తల గోక్కుంటూ. "బుర్రలో ఏటున్నాదో నానెలాగ సూసేది?"

"లేవని రాశాను కదా కూర్మారావూ. ముద్దరేసీ."

"నిజంగా లేవేటి?"

"ఐదు దాటింది. ఇప్పుడు నేను సర్వర్ని కాను, నన్నడక్కు," అని గవర్రాజు సైకిలెక్కాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఒక్క తప్పుడు ఎంట్రీ వేయని మనిషి, ఇప్పుడు రోజుకో అబద్ధం రాసి సంతకం పెడుతున్నాడు. అది ఆయనకు చాలా కష్టంగా ఉండేది.

ఇంట్లో వరహాలమ్మ పెట్టె సర్దుతోంది. పెళ్లయిన కొత్తలో ఆమెను ఊటీ తీసుకెళ్తానని గవర్రాజు మాటిచ్చాడు. ఆ వేసవిలో సప్లిమెంటరీ పరీక్షలొచ్చాయి. మరుసటేడాదీ వచ్చాయి. సప్లిమెంటరీలు రాని ఏడాదంటూ ఏ విశ్వవిద్యాలయంలోనూ ఉండదని ఆమెకు అర్థం కావడానికి అట్టే కాలం పట్టలేదు. రిటైరైన మర్నాడే బయల్దేరాలని ఈసారి తనే రైలు టికెట్లు కొనిపించింది. ఆగస్టు ఒకటి, ఉదయం బండి. ఆయన కోసం ఊలుతో స్వెట్టరు కూడా అల్లింది. జులై మూడో తారీఖు నుంచి ఆయన దాన్ని ఆఫీసుకు వేసుకెళ్తున్నాడు.

"ఊటీకని అల్లినాను. ఊటీ సూడకుండానే సిరిగిపోయీలాగున్నాది," అంది వరహాలమ్మ మోచేతి దగ్గర వదులైన అల్లిక చూస్తూ.

"ముప్పై ఒకటో తారీఖు దాకా ఓపిక పట్టవే. తరవాత నన్నెవడాపుతాడు?"

ఆ ముప్పై ఒకటో తారీఖు కోసమే మరో మనిషి కూడా ఎదురుచూస్తోంది, భయంతో.

ఆమె పేరు కలిశెట్టి దమయంతి. పలాస దగ్గర పల్లె. పన్నెండేళ్ల కిందట ఇక్కడే బీయస్సీ పాసైంది. ట్యూషన్లు చెప్పుకుంటూ పరీక్షల మీద పరీక్షలు రాయగా, ఇన్నాళ్లకు గురుకుల పాఠశాలలో సైన్సు టీచరుగా ఎంపికైంది. మార్కుల రిజిస్టర్‌లో తన పేరున్న పేజీ నకలు, విశ్వవిద్యాలయం ముద్రతో, జులై ముప్పై ఒకటిలోగా సమర్పించాలి. లేదంటే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతివారికి పోతుంది. నెల కిందట వచ్చి ఉంటే గవర్రాజు అరగంటలో ఇచ్చి పంపేవాడు. ఆమె జులై ఎనిమిదిన వచ్చింది.

దరఖాస్తు తీసుకుని విరూపాక్షం గారు ముక్కు మీదికి కళ్లద్దాలు జార్చుకున్నారు. "నాలుగో గడి ఖాళీగా ఉంది. రిజిస్టర్ సంఖ్య, పేజీ సంఖ్య."

"అవే తెలీవు సార్. అవి కనుక్కోడానికే వచ్చాను."

"ఏ పేజీయో తెలియకుండా, ఆ పేజీయే మీకు అవసరమని ఎలా నిర్ధారించుకున్నారు?"

"నా మార్కులున్న పేజీ సార్."

"మీ మార్కులు అందులో ఉన్నవని మీకు ఎలా తెలుసు? చూశారా?"

"చూళ్లేదు సార్."

"చూడలేదు కనుక అది మీ అనుమానము. అనుమానముపై దత్తాంశము ఇవ్వబడదు. ఆ రెండు అంకెలు రాసి తీసుకురండి, ఒక్క గంటలో నకలు మీ చేతిలో ఉంటుంది. అది మీ హక్కు." ఆయన గొంతులో నిజమైన దయ ఉంది.

"ఈ పద్ధతిలో ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చారు సార్?"

"ఎవరికీ ఇవ్వలేదు. విధానము అంత పటిష్ఠముగా ఉన్నది."

దమయంతి దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు. బల్లమీదే ఉంచి బయటికొచ్చి, సర్వర్ గది ముందున్న బెంచీ మీద కూర్చుంది. ఆ అంకెలు తెలిసిన మనిషి అద్దాల అవతల స్వెట్టరు వేసుకుని కూర్చున్నాడని అటెండర్లు ఆమెకు చెప్పారు. ఆమె తన హాల్‌టికెట్ నంబరు కాగితం మీద పెద్దగా రాసి అద్దానికి ఆనించి పట్టుకుంది. గవర్రాజు చూశాడు. చూడగానే రెండు అంకెలూ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి.

చెప్పెయ్యొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయనకూ అనిపించింది. కానీ దరఖాస్తులో ఐదో గడి ఒకటుంది. 'పై అంకెలు మీకు ఎట్లు తెలిసెను?' అనుమతి లేకుండా తెలుసుకున్నట్టయితే ఆ రికార్డు మొత్తం చెల్లదని దాని కిందే రాసుంది. సైగ చేసినా, గేటు బయట చెవిలో చెప్పినా ఆమె బీయస్సీయే గల్లంతవుతుంది. గవర్రాజు తల తిప్పేసుకున్నాడు. కౌంటరు ముందు నిలబడ్డ విద్యార్థి నుంచి ఆయన ముఖం తిప్పుకోవడం అదే మొదలు.

ఆ తర్వాత దమయంతి రోజూ పాసింజరు బండిలో వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేది. మొగుడికి జలుబు ముదిరిందని వరహాలమ్మ కూడా మిరియాల చారు ప్లాస్కుతో వచ్చేది. గదిలోకి ద్రవ పదార్థాలు నిషిద్ధం కాబట్టి ఆయన బయటికి వచ్చేదాకా ఆమె కూడా అక్కడే కూర్చునేది. ఇద్దరూ కబుర్లలో పడ్డారు. ఊటీ సంగతి, గురుకులం సంగతి అన్నీ వచ్చాయి. ఏ ఫారానికి ఏ నంబరో, ఏ గదిలో ఏ ముద్రో అటెండర్ల కంటే దమయంతికే బాగా తెలిసిపోయింది. చేతిలో చదవడానికి వేరే ఏమీ లేక నూట పద్నాలుగు పేజీల విధాన పత్రం కూడా చదివేసింది. విరూపాక్షం గారితో సహా ఇంకెవరూ ఆ పని చేయలేదు.

ఇరవై నాలుగో తారీఖున గవర్రాజు రిటైర్మెంటు కాగితాల కోసం సిబ్బంది విభాగానికి వెళ్లాడు. అక్కడ ఆయన పేరు లేదు.

"ఒకే దత్తాంశము రెండుచోట్ల ఉండరాదని విధానము," అన్నారు విరూపాక్షం గారు. "మీరు స్టాకు రిజిస్టర్‌లో ఉన్నారు కనుక ఉద్యోగుల జాబితా నుండి తొలగించడమైనది. సర్వర్లకు పదవీ విరమణ ఉండదు."

గవర్రాజు అక్కడినుంచి నేరుగా స్టోర్సుకు వెళ్లి పట్నాయక్ ముందు కూలబడ్డాడు. పట్నాయక్ తలుపు దగ్గరకు వేసి వచ్చి గొంతు తగ్గించాడు.

"మీరేం బెంగపెట్టుకోకండి. వస్తువులకు రిటైర్మెంటు లేకపోయినా కండెమ్ చేయడం ఉంది. నా సర్వీసులో ఆరువందల కుర్చీలు, ఒక జీపు, రెండు లిఫ్టులు కండెమ్ చేశాను. మీరో లెక్కా? ముప్పై ఒకటిన కమిటీ వేయిస్తాను. మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. తెలీదనండి. అంతే. పనిచేయుట లేదు అని రాసి సాయంత్రానికి గేటు బయట పెట్టేస్తాం."

"తెలీదనాలా?"

"ఒక్క ముక్క గవర్రాజు గారూ. తెలీదు. ఇంటిదగ్గర సాధన చెయ్యండి."

గవర్రాజు వారం రోజులు సాధన చేశాడు. స్నానం చేస్తూ తెలీదు, సైకిలు తొక్కుతూ తెలీదు. వరహాలమ్మ కూడా మధ్యమధ్యలో ఏదో ఒక నంబరు అడిగి పరీక్షించింది. మొదట్లో ఆయన జవాబు చెప్పేసి నాలిక్కరుచుకునేవాడు. చివరికి బాగానే కుదిరింది.

ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం పన్నెండింటికి కమిటీ కూర్చుంది. విరూపాక్షం గారు, పట్నాయక్, ఇంజనీరింగు కళాశాల నుంచి వచ్చిన ఓ ప్రొఫెసరు. ఎదురుగా సర్వర్‌ని కుర్చీతో సహా తెచ్చి పెట్టారు. పొద్దున్నుంచీ గవర్రాజుకు ఒంట్లో వణుకుగా ఉంది. కళ్లు మండుతున్నాయి.

"పరీక్షించుటకు అనుమతి గల ప్రశ్న కావలెను," అన్నారు విరూపాక్షం గారు. దరఖాస్తులన్నీ తిప్పి పంపేశారు. బల్లమీద మిగిలింది ఒక్కటే, వెనక్కి తీసుకోనని మొండికేసిన దమయంతిది. "పరీక్ష నిమిత్తము నాలుగో గడిని సడలించడమైనది. ఐదో గడిలో 'కమిటీ సమక్షమున తెలిసెను' అని రాసుకోవచ్చు. ప్రశ్నకర్తను ప్రవేశపెట్టండి."

పట్నాయక్ ఈ సంగతి ఊహించలేదు. గవర్రాజు వైపు చూసి, వద్దన్నట్టు కొద్దిగా తల ఊపాడు.

దమయంతి లోపలికి వచ్చింది. ఆమెకు ఈ కండెమ్ వ్యవహారమేదీ తెలియదు. తన దరఖాస్తు చివరికి కదిలిందని మాత్రమే తెలుసు. ఇరవై మూడు రోజులుగా అద్దానికి ఆనించి పట్టుకుని నలిగిపోయిన కాగితం ఆమె చేతిలోనే ఉంది. గొంతు సవరించుకుని నంబరు చదివింది. చదివి, "మాస్టారూ, నా పేజీ ఎక్కడుందో చెప్తారా?" అంది.

గవర్రాజు నోరు తెరిచాడు. తెలీదు అనే మాట సిద్ధంగా ఉంది. వారమంతా దాన్ని నానబెట్టి, రుబ్బి, సిద్ధం చేసి పెట్టుకున్నాడు. అవతల పెట్టె సర్ది ఉంది. రేపుదయం బండి. ముప్పై మూడేళ్లలో వరహాలమ్మ ఆయన్ని అడిగింది అదొక్కటే. ఇవన్నీ ఆయనకు గుర్తున్నాయి, అన్నీ గుర్తుండటమే కదా ఆయనకు వచ్చిన తిప్పలు. ఆ అబద్ధం కమిటీతో చెప్పమంటే చెప్పేవాడే. కానీ అడుగుతున్నది కమిటీ కాదు. హాల్‌టికెట్ నంబరు పట్టుకుని నిలబడ్డ విద్యార్థి అడుగుతోంది. ఆమెతో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"రెండొందల పన్నెండో రిజిస్టరు, ఎనభై ఏడో పేజీ," అన్నాడు. "పై నుంచి నాలుగో పేరు. ఇంటిపేరు కలిశెట్టికి బదులు కలిసెట్టి అని పడింది, పక్కన ఎర్రసిరాతో నేనే దిద్దాను. రసాయన శాస్త్రంలో నీకు ఎనభై నాలుగమ్మా."

పట్నాయక్ కళ్లు మూసుకున్నాడు. రిజిస్టరు వచ్చింది. ఎనభై ఏడో పేజీ, నాలుగో పేరు, ఎర్రసిరా దిద్దుబాటు. ఇంజనీరింగు ప్రొఫెసరు చప్పట్లు కొట్టాడు. సర్వర్ పనితీరు సంతృప్తికరము, మరో ఐదు సంవత్సరములు సేవలో కొనసాగింపవలెను అని తీర్మానం రాసుకుని కమిటీ సమోసాలు తిని లేచింది.

దమయంతి నాలుగో గడి నింపింది, ఐదో గడి నింపింది. చెప్పినట్టే ఒక్క గంటలో ముద్రపడిన నకలు ఆమె చేతిలో ఉంది. ఫోన్లోనే పంపించేసి, మూడు గంటలకు చేరినట్టు జవాబు కూడా చూసుకుంది. ఆ సంతోషం పంచుకుందామని బెంచీ దగ్గరికి వచ్చేసరికి వరహాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పక్కన పట్నాయక్ నిలబడి నేల చూస్తున్నాడు. జరిగిందేమిటో ఆయనే చెప్పాడు.

దమయంతి బెంచీ మీద కూర్చుని చేతిలోని నకలు వైపు చూసుకుంది. తన ఉద్యోగం ఎవరి ఊటీ ప్రయాణాన్ని తినేసి వచ్చిందో తెలిశాక దాన్ని పట్టుకోవడానికే సిగ్గేసింది.

"క్షమించమ్మా," అంది వరహాలమ్మతో. "నాకు తెలిసుంటే అడక్కపోదును."

"నువ్వేటి సేత్తావు తల్లీ. నువ్వడక్కపోయినా ఆయన సెప్పీసుండునే. ఆయన సంగతి నాకు తెల్దేటి?" అంది వరహాలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "పొద్దున్నుంచీ ఒళ్లు కాలిపోతన్నాది మడిసికి. నా బాధ అది."

దమయంతి చివాలున తలెత్తింది. "ఒళ్లు కాలిపోతోందా?"

ఆమె లేచి ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తింది. థర్మామీటరు తెచ్చి గవర్రాజు నోట్లో పెట్టించింది. నూట రెండు. ఆ తర్వాత పట్నాయక్ దగ్గర ఫారం పంతొమ్మిది అడిగి తీసుకుంది. మరమ్మతు కోసం వస్తువును బయటికి పంపి తిరిగి తెప్పించుకునే గేటు పాసు అది. ఇద్దరూ కలిసి నింపి విరూపాక్షం గారి ముందు పెట్టారు.

"సర్వర్ వేడెక్కింది సార్," అంది దమయంతి. "మీ విధాన పత్రంలో ముప్పై ఒకటో నిబంధన. సర్వర్ వేడెక్కినచో తక్షణమే అంతకంటే చల్లని ప్రదేశమునకు తరలింపవలెను. జాప్యమునకు డైరెక్టర్ బాధ్యుడు."

విరూపాక్షం గారు పత్రం తిరగేశారు. తన పత్రంలో అలా ఉందని తెలిసి ఆయనకే గర్వంగా అనిపించింది. "నిజమే. కానీ మన గదే పద్దెనిమిది డిగ్రీలు. జిల్లాలో అంతకంటే చల్లని ప్రదేశము ఏదీ?"

"జిల్లాలో లేదు సార్. ఊటీలో ఈ నెలలో సగటు పదిహేను దాటదు. నేను సైన్సు టీచర్ని, లెక్క చూసే చెప్తున్నాను."

"వస్తువుతోపాటు దత్తాంశము కూడా బయటికి పోతుందే."

"తిరిగి వచ్చే పాసే కదా సార్," అన్నాడు పట్నాయక్ వినయంగా. "వస్తువు ఎక్కడున్నా మన స్టాకే. తిరిగి వచ్చు తేదీ గడిలో మరమ్మతు పూర్తయిన పిమ్మట అని రాశాం. మరమ్మతు పూర్తయిందో లేదో చెప్పాల్సింది సర్వరే కదా, నిషిద్ధ శ్రేణి గనుక బయటివాళ్లు చూడకూడదు."

అన్ని గడులూ నిండి ఉన్నాయి. అన్ని గడులూ నిండిన కాగితం మీద సంతకం పెట్టకుండా ఉండటం విరూపాక్షం గారికి చేతనయ్యే పని కాదు. పెట్టేశారు.

ఐదింటికి నలుగురూ గేటు దగ్గరికి వచ్చారు. కూర్మారావు గేటు పాసు రెండుసార్లు చదివాడు. "సర్వర్ ఒకటి అని రాసున్నాది. మడుసులు ఇద్దరెళ్తన్నారు. ఆ అమ్మగారేటి?"

"అనుబంధ పరికరం," అంది దమయంతి.

వరహాలమ్మ ఆమె వైపు చూసింది. "ఏటన్నావు?"

"అది లేకపోతే ఇది పనిచెయ్యదని అర్థం అమ్మా."

"అయితే రాసుకో నాయనా," అంది వరహాలమ్మ కూర్మారావుతో. "ఆ మాట నిజమే."

కూర్మారావు రాసుకున్నాడు. రాసుకుని, అలవాటు ప్రకారం రెండో రిజిస్టరు తెరిచి గవర్రాజు ముందుకు తోశాడు. తేదీ, వేళ, పేరు. ఆ పక్క గడి. పైనుంచి కిందిదాకా నెలరోజుల 'లేవు'లు వరుసగా ఉన్నాయి, ఒక్కో దాని కింద ఒక్కో సంతకం. గవర్రాజు జ్వరం కళ్లతో వాటిని కాసేపు చూశాడు. ఇన్ని అబద్ధాలు తన చేత్తోనే రాశానా అని బాధేసింది. స్వెట్టరు చేతులు పైకి లాక్కుని, కలం తీసి, గుండ్రటి అక్షరాలతో ఆ గడిలో 'అన్నీ' అని రాసి సంతకం పెట్టాడు.

కూర్మారావు అది చదివాడు. ముద్ర వేశాడు. గేటు తీశాడు.